డోలు మోతలో గొంతు పోకుండా: మనమే చేసుకునే మైక్ ప్రీయాంప్

భద్రాచలం, చర్ల, దుమ్ముగూడెం, మణుగూరు వైపు కోయ గూడేల్లో ఏ పండగ జరిగినా ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లే. సాయంత్రానికి వీడియోలు వాట్సాప్ గ్రూపుల్లోకి వచ్చేస్తాయి. ఒకసారి కళ్లు మూసుకుని ఆ వీడియో వినండి. డోలు దెబ్బ పడగానే పాడే పెద్దాయన గొంతు మునిగిపోతుంది. మెల్లగా పైకి లేస్తుంది, లేచేలోపే ఇంకో దెబ్బ. కంచు తాళం మోత మొదట ఖంగుమని, వెంటనే ఎవరో నోరు మూసినట్టు తెగిపోతుంది. బొమ్మ మాత్రం ఫుల్ హెచ్‌డీ. పాటే లేదు.

ఇది చిన్న విషయం కాదు. 2011 జనాభా లెక్కల్లో కోయ భాష మాట్లాడేవాళ్లు నాలుగు లక్షల పైచిలుకు. కానీ ఆ భాషలో చరిత్ర ఎక్కువగా పుస్తకాల్లో లేదు, నోటి మీదే ఉంది. డోలి కోయలు గోత్రాల కథలూ వీరుల కథలూ డోలు వాయిస్తూ పాడతారు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య గారు సమ్మక్క సారలమ్మల కథ అలా పాడిన కళాకారుడు. 2022లో ఆయనకి పద్మశ్రీ ప్రకటించారు. 2024లో ఆయన చనిపోయారు. అలాంటి గొంతు ఒకటి ఆగిపోయాక మనకి మిగిలేది రికార్డింగే. అది ఎలా ఉందన్నది అప్పుడు చాలా పెద్ద ప్రశ్న.

మంచి రికార్డింగ్‌కి స్టూడియో అక్కర్లేదు. ఒక చిన్న మైకు, ఒక ఐసీ, రెండు 9 వోల్టుల బ్యాటరీలు, ఒక రేకు డబ్బా చాలు. ఫస్టియర్ బేసిక్ ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ దాటిన ఎవరైనా ఒక ఆదివారంలో చేసేయొచ్చు. ఎలా చేయాలో చెప్తాను, కానీ ముందు ఎందుకు పనిచేస్తుందో చూద్దాం.

ఫోన్ ఏం చేస్తోంది?

ఫోన్‌లో మైకు చెడ్డది కాదు. దాని వెనక ఉన్న సాఫ్ట్‌వేర్ ఫోన్ కాల్ కోసం రాసింది. దానికి రెండు అలవాట్లు ఉన్నాయి.

మొదటిది ఆటోమేటిక్ గెయిన్ కంట్రోల్. పెద్ద శబ్దం రాగానే గెయిన్ తగ్గించేస్తుంది, శబ్దం తగ్గాక నెమ్మదిగా పెంచుతుంది. కాల్‌లో ఇది మంచిదే. డోలు పక్కన మాత్రం ప్రతి దెబ్బకీ గొంతుని కూడా కలిపి కిందకి లాగేస్తుంది. రెండోది నాయిస్ సప్రెషన్. మాట కానిదీ ఆగకుండా మోగేదీ ఏదైనా దానికి ఫ్యాన్ చప్పుడు కిందే లెక్క. కంచు తాళం మోత పాపం ఆ లిస్టులోకి వెళ్లిపోతుంది.

వీటిని తప్పించాలంటే సిగ్నల్ మన చేతిలో ఉండాలి. ఫోన్ దాకా వెళ్లకముందే ఎంత గెయిన్ ఇవ్వాలో మనమే నిర్ణయించాలి. ప్రీయాంప్ అంటే అదే: మైక్ నుంచి వచ్చే అతి చిన్న వోల్టేజీని శుభ్రంగా పెంచి రికార్డర్‌కి అందించే మొదటి మెట్టు.

జిరాక్స్ లెక్క

సెమిస్టర్ ముందు సీనియర్ నోట్స్ జిరాక్స్ తీస్తాం కదా. మొదటి జిరాక్స్ లైట్‌గా వస్తే, దానికి జిరాక్స్ తీసేటప్పుడు ఎంత డార్క్ పెట్టినా అక్షరాలతో పాటు మరకలూ నల్లబడతాయి. మొదటిది స్పష్టంగా ఉంటే తర్వాత ఏ షాపులో తీసినా చదవగలం. ఆడియో కూడా అంతే. మొదటి మెట్టులో హిస్ కలిసిపోతే తర్వాత వాల్యూమ్ పెంచినకొద్దీ అదీ పెరుగుతుంది.

ఇప్పుడు అంకెలు చూద్దాం. మనం వాడేది ఎలక్ట్రెట్ మైక్ క్యాప్సూల్. 1962లో బెల్ ల్యాబ్స్‌లో గెర్హార్డ్ సెస్లర్, జేమ్స్ వెస్ట్ ఈ రకం మైక్ తయారు చేశారు. శాశ్వతంగా చార్జ్ ఉండే పల్చటి పొర, దాని వెనక ఒక చిన్న ఫెట్ ట్రాన్సిస్టర్, అంతే. మామూలు క్యాప్సూల్ సెన్సిటివిటీ మైనస్ 44 డెసిబెల్స్ అని రాసి ఉంటుంది. అంటే 94 డెసిబెల్స్ శబ్దానికి సుమారు 6.3 మిల్లీవోల్టులు ఇస్తుంది. మనిషి మామూలుగా మాట్లాడితే మీటరు దూరంలో 60 డెసిబెల్స్ ఉంటుంది. దానికి మైక్ ఇచ్చేది 0.126 మిల్లీవోల్టులు, అంటే 126 మైక్రోవోల్టులు.

ఈ మైక్‌కి సొంత హిస్ కూడా ఉంటుంది. సిగ్నల్ టు నాయిస్ 60 డెసిబెల్స్ అని రాసి ఉంటే ఆ హిస్ సుమారు 6.3 మైక్రోవోల్టులు. రికార్డర్ ఇన్‌పుట్ హిస్ 50 మైక్రోవోల్టులు అనుకుందాం. మైక్‌ని నేరుగా పెడితే 126 మైక్రోవోల్టుల మాట 50 మైక్రోవోల్టుల హిస్‌తో కొట్టుకోవాలి. అదే ముందు 52 రెట్లు పెంచి పంపితే మాట 6.5 మిల్లీవోల్టులు అవుతుంది, మైక్ హిస్ 330 మైక్రోవోల్టులు అవుతుంది. రికార్డర్ హిస్ మాత్రం అదే 50. ఇక అది లెక్కలోకే రాదు.

గమనించారా? ప్రీయాంప్ హిస్‌ని తగ్గించదు. తర్వాత వచ్చే హిస్ మనల్ని ఏమీ చేయలేకుండా చేస్తుంది. దాని నుంచి ఇంతకంటే ఎక్కువ ఆశించకూడదు.

ఏ ఐసీ?

ల్యాబ్‌లో అందరి దగ్గరా ఎల్ఎమ్ 358 ఉంటుంది. కానీ దాని నాయిస్ రూట్ హెర్ట్జ్‌కి దాదాపు 40 నానోవోల్టులు. 20 కిలోహెర్ట్జ్ బ్యాండ్‌కి వర్గమూలం 141. గుణిస్తే 5.6 మైక్రోవోల్టులు, మైక్ హిస్‌తో దాదాపు సమానం. అంటే ఇంకో చెడ్డ మైక్‌ని చేతులారా కలుపుకున్నట్టే. ఎన్ఈ 5532 నాయిస్ 5 నానోవోల్టులే, 141తో గుణిస్తే 0.7 మైక్రోవోల్టులు. రెసిస్టర్లకి కూడా హిస్ ఉంటుంది. వేడికి లోపల ఎలక్ట్రాన్లు కదలడం వల్ల వచ్చేది అది. 1920లలో బెల్ ల్యాబ్స్‌లో జాన్సన్ దాన్ని కొలిస్తే నైక్విస్ట్ లెక్క కట్టాడు. శాంప్లింగ్ థియరమ్‌లో మనం చదివే నైక్విస్టే. మన 2.2 కిలో ఓమ్స్ రెసిస్టర్‌కి అది 0.85 మైక్రోవోల్టులు. అన్నీ కలిపినా మన సర్క్యూట్ హిస్ 1.2 మైక్రోవోల్టులు. మైక్ 6.3 ముందు అది ఏ మూలకి?

దీన్నిబట్టి ఇంకోటి కూడా తెలుస్తుంది. ఇంతకంటే ఖరీదైన ఐసీ కొన్నా ఈ మైక్‌తో తేడా వినపడదు. డబ్బు పెట్టాలనిపిస్తే మంచి క్యాప్సూల్ మీద పెట్టండి. అడవి శబ్దాలు రికార్డు చేసేవాళ్లు ప్రీమో ఈఎమ్ 172 లాంటి తక్కువ హిస్ క్యాప్సూల్స్ వాడేది అందుకే.

సర్క్యూట్

పెన్నూ పేపరూ తీసుకుని చదువుతూ గీసుకోండి.

పవర్: రెండు 9 వోల్టుల బ్యాటరీలు సిరీస్‌లో పెట్టండి. రెండూ కలిసే చోటు గ్రౌండ్. పై కొన ప్లస్ 9, కింది కొన మైనస్ 9. ఎన్ఈ 5532 డేటాషీట్ కనీసం ప్లస్ మైనస్ 5 వోల్టులు అడుగుతుంది కాబట్టి ఒక్క బ్యాటరీతో సరిపెట్టొద్దు. రెండు బ్యాటరీలూ ఒకేసారి ఆఫ్ అయ్యేలా ఆరు కాళ్ల స్విచ్ వాడండి. ఐసీ 8 మిల్లీఆంపియర్ల దాకా తీసుకుంటుంది, కొత్త ఆల్కలైన్ బ్యాటరీలైతే 40-50 గంటలు వస్తాయి.

మైక్ పవర్: ప్లస్ 9 నుంచి 1 కిలో ఓమ్ రెసిస్టర్, ఆ తర్వాత గ్రౌండ్‌కి 100 మైక్రోఫారడ్ కెపాసిటర్. ఇది బ్యాటరీ నుంచి వచ్చే చెత్తని ఆపే జల్లెడ. ఆ పాయింట్ నుంచి 2.2 కిలో ఓమ్స్ ద్వారా మైక్ ప్లస్ కాలికి. క్యాప్సూల్ రెండు కాళ్లలో బయటి లోహపు గిన్నెకి అతుక్కుని ఉన్నది గ్రౌండ్. మైక్ దగ్గరే 1 నానోఫారడ్ కెపాసిటర్ గ్రౌండ్‌కి పెట్టండి, రేడియో తరంగాల కోసం.

ఇన్‌పుట్: మైక్ ప్లస్ నుంచి 0.22 మైక్రోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్ ద్వారా ఐసీ 3వ కాలికి. 3వ కాలి నుంచి గ్రౌండ్‌కి 22 కిలో ఓమ్స్. ఈ రెండూ కలిసి 33 హెర్ట్జ్ కింద ఉన్న గాలి గుబగుబని తగ్గిస్తాయి. డోలు బరువు మాత్రం పోదు.

గెయిన్: 1వ కాలు అవుట్‌పుట్. 1 నుంచి 2వ కాలికి 22 కిలో ఓమ్స్, దానికి ప్యారలల్‌గా 100 పీకోఫారడ్. 2వ కాలి నుంచి 4.7 కిలో ఓమ్స్, అక్కడి నుంచి 100 మైక్రోఫారడ్ ద్వారా గ్రౌండ్. ఆ 4.7కి ప్యారలల్‌గా ఒక చిన్న స్విచ్‌తో 470 ఓమ్స్. స్విచ్ ఆఫ్‌లో గెయిన్ 1 + 22/4.7, అంటే 5.7 రెట్లు. ఆన్‌లో రెండు రెసిస్టర్లూ కలిసి 427 ఓమ్స్ అవుతాయి కాబట్టి 52 రెట్లు. డోలు పక్కన ఆఫ్, ఒంటరి గొంతుకి ఆన్.

అవుట్‌పుట్: 1వ కాలి నుంచి 100 ఓమ్స్, తర్వాత 10 మైక్రోఫారడ్, అక్కడి నుంచి జాక్‌కి. కెపాసిటర్ ప్లస్ వైపు జాక్ దిక్కుగా ఉండాలి, ఎందుకంటే ఫోన్ తన మైక్ లైన్ మీద చిన్న వోల్టేజీ పంపుతుంది.

మిగిలినవి: 8వ కాలు ప్లస్ 9, 4వ కాలు మైనస్ 9. రెండిటి దగ్గరా 0.1 మైక్రోఫారడ్ గ్రౌండ్‌కి. ఐసీలో రెండో సగం ఖాళీగా వదిలేస్తే అది తనకి తానే అరుస్తుంది. కాబట్టి 7ని 6కి కలిపి, 5ని గ్రౌండ్ చేయండి.

ఇదంతా బ్రెడ్‌బోర్డ్ మీద పరీక్షించి, తర్వాత జీరో పీసీబీ మీద సోల్డర్ చేసి రేకు డబ్బాలో పెట్టండి. డబ్బాని గ్రౌండ్‌కి ఒక్క చోటే కలపండి. ప్లాస్టిక్ డబ్బా పనికిరాదు, హమ్ వస్తుంది. మైక్‌కి షీల్డ్ వైరు వాడండి. పార్ట్స్ అన్నీ హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి.

బాగా వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?

ఓసిల్లోస్కోప్ లేకుండా ఒక పరీక్ష. అర్ధరాత్రి, ఫ్యాన్ ఆపేసి, మైక్‌ని బీరువాలో బట్టల మధ్య పెట్టండి. గెయిన్ 52లో ఒక నిమిషం రికార్డు చేయండి. తర్వాత మైక్ పీకేసి ఇంకో నిమిషం. మైక్ లేనప్పుడు వినిపించేది సర్క్యూట్ హిస్. మైక్ ఉన్నప్పుడు హిస్ స్పష్టంగా పెరిగిందా? పెరిగితే మీ ప్రీయాంప్ మైక్ కంటే నిశ్శబ్దంగా ఉన్నట్టే, పని అయిపోయింది. రెండూ ఒకేలా ఉంటే ఐసీనో, గ్రౌండో, సోల్డరింగో చూసుకోవాలి.

ఫోన్‌కి కలపడం

లైన్ ఇన్ ఉన్న చిన్న రికార్డర్ ఉంటే నేరుగా పెట్టేయండి. ఫోన్ అయితే నాలుగు పట్టీల 3.5 ఎమ్ఎమ్ జాక్ కావాలి. ఇప్పటి ఫోన్లలో కొన నుంచి మొదటిది ఎడమ, రెండోది కుడి, మూడోది గ్రౌండ్, చివరిది మైక్. చివరిదానికీ గ్రౌండ్‌కీ మధ్య 2.2 కిలో ఓమ్స్ పెడితేనే ఫోన్ బయటి మైక్ ఉందని గుర్తిస్తుంది. ఫోన్‌కి గెయిన్ 5.7 చాలు. జాక్ లేని ఫోన్లకి మైక్ కూడా తీసుకునే టైప్ సీ అడాప్టర్ వాడాలి.

ఇక సాఫ్ట్‌వేర్, అంటే మన ఏరియా. ఆండ్రాయిడ్ 7 నుంచి యాప్‌లకి "అన్‌ప్రాసెస్డ్" అనే ఆడియో సోర్స్ ఉంది. అది ఎంచుకుంటే గెయిన్ కంట్రోల్, నాయిస్ సప్రెషన్ లేని సిగ్నల్ ఇవ్వాలి. కొన్ని ఫోన్లలో అది ఉండదు. అప్పుడు "వాయిస్ రికగ్నిషన్" సోర్స్ వాడొచ్చు, దానిలో ఆ రెండూ డీఫాల్ట్‌గా ఆఫ్ ఉండాలని ఆండ్రాయిడ్ నియమం. రికార్డర్ యాప్ సెట్టింగ్స్‌లో ఈ పేర్లు వెతకండి. దొరక్కపోతే మనమే ఒక చిన్న యాప్ రాయొచ్చు, మినీ ప్రాజెక్ట్‌కి టాపిక్ వెతుక్కునేవాళ్లు వింటున్నారా?

ఫార్మాట్ వేవ్, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనో. గంటకి 518 ఎమ్‌బీ అవుతుంది. వాట్సాప్ వాయిస్ నోట్‌గా మాత్రం పంపొద్దు, కంప్రెస్ అయిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపండి.

గూడెంలో

దూరమే అసలు గెయిన్. మీటరు దూరం నుంచి 30 సెంటీమీటర్లకి వస్తే గొంతు 10 డెసిబెల్స్ పెరుగుతుంది, నాలుగు అడుగుల అవతలి డోలు మాత్రం అక్కడే ఉంటుంది. ఏ ఐసీ ఇంత లాభం ఇవ్వదు. తాతని అడిగి భుజం మీది కండువాకి మైక్ గుచ్చితే ఇంకా మంచిది. మైక్ మీద ఫోమ్, దాని మీద పాత టెడ్డీబేర్ బొచ్చు గుడ్డ కట్టండి, గాలికి.

ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టాలి. అడవి అంచున సిగ్నల్ తక్కువ, టవర్ దూరమైనకొద్దీ ఫోన్ ఎక్కువ పవర్‌తో అరుస్తుంది, ఆ అరుపు టిక్ టిక్ టిక్ అని మైక్ వైరులోకి వస్తుంది. పక్కన నిలబడ్డవాళ్ల ఫోన్లు కూడా రెండు మూడు మీటర్లు అవతల ఉంటే మంచిది. వానాకాలం తేమకి మైక్ చిటపటలాడుతుంది. పని అయ్యాక సిలికా జెల్ పొట్లంతో డబ్బాలో మూత పెట్టేయండి.

"ఏఐతో క్లీన్ చేసేద్దాం" అంటే?

మనవాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. నాయిస్ తీసే మోడల్ ఏది మాట, ఏది చెత్త అన్నది ట్రైనింగ్ డేటా నుంచి నేర్చుకుంటుంది. ఆ డేటాలో కోయ పాట ఎంత ఉంటుంది? డోలు దానికి మాట కాదు. సాగదీసిన రాగం మాట కాదు. కంచు మోత అసలే కాదు. క్లీన్ చేసిన ఫైల్ వినడానికి సాఫీగా ఉంటుంది, కానీ ఏది పోయిందో విన్నవాళ్లకి తెలియదు. పైగా రేపు ఎవరైనా కోయ భాషకి స్పీచ్ మోడల్ చేయాలంటే డేటా ఈ రికార్డింగులే. అసలు ఫైల్ ఎప్పుడూ ముట్టుకోకండి, ప్రయోగాలన్నీ కాపీ మీదే.

ఫైల్‌తో పాటు ఒక టెక్స్ట్ ఫైల్ ఉండాలి: తేదీ, ఊరు, మండలం, ఎవరు పాడారు, ఏం కథ, ఏ మైక్, ఎంత గెయిన్. ఉత్తినే "కూనవరం, ఖమ్మం జిల్లా" అని రాస్తే సరిపోదు. మణుగూరు మండలంలో ఒక కూనవరం ఉంది, గోదావరీ శబరీ కలిసే చోట ఇంకో కూనవరం ఉంది. మొదటిది 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వచ్చింది. రెండోది పోలవరం ముంపు మండలాలతో పాటు 2014లో ఆంధ్రప్రదేశ్‌లోని తూర్పు గోదావరికి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాకి వెళ్లింది. ముంపు వల్ల ఊళ్లే కదిలిపోతున్న చోట ఆ ఒక్క లైనే పాటకి చిరునామా.

చివరిగా, ఆ పాట మనది కాదు. రికార్డు చేసేముందు అడగాలి. కొన్ని పాటలు కొలుపులో తప్ప బయట పాడకూడనివి ఉంటాయి, వద్దంటే స్విచ్ ఆపేయాలి. యూట్యూబ్‌లో పెట్టాలంటే దానికి విడిగా మళ్లీ అడగాలి. రికార్డు అయ్యాక అక్కడే హెడ్‌ఫోన్స్ పాడినాయన చెవికి పెట్టి వినిపించండి, ఒక మెమరీ కార్డులో కాపీ ఇచ్చి రండి. ఆయన "ఇక్కడ నా మాట వినపడట్లే బిడ్డా" అంటే అదే మన అసలు టెస్ట్ రిపోర్ట్. మైక్ ఇంకొంచెం దగ్గరికి జరిపి, ఇంకోసారి పాడమని అడగడానికి అప్పుడు ఆయన ఎదురుగానే ఉంటారు.